పేజీలో పూలబొకేలు, వాట్సాప్‌లో పరీక్ష తేదీలు: సీమ కాలేజీల సోషల్ మీడియా ఎందుకిలా ఉంది?

క్లుప్తంగా

కర్నూలు, అనంతపురం, కడప కాలేజీలకు సోషల్ మీడియా ఖాతాల కొదవ లేదు. అయినా విద్యార్థికి నిజంగా అవసరమైన కబురు ఆ ఖాతాల్లో దొరకదు, పిల్లలు సొంతంగా పెట్టుకున్న వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతోంది. కాలేజీ పేజీని అడ్మిషన్ల కోసం, తనిఖీల్లో చూపించడం కోసం నడుపుతున్నారు. రాసే స్వేచ్ఛ విద్యార్థులకు గానీ అధ్యాపకులకు గానీ లేదు. అమెరికా, బ్రిటన్ యూనివర్సిటీలు ఇరవై ఏళ్ల కింద చేసిన బ్లాగు ప్రయోగాలతో పోల్చి చూస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది.

ఖాతాలు నిండుగా, కబుర్లు అరకొరగా

ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల ఉన్న ఏ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ ఫేస్‌బుక్ పేజీ తెరిచినా దాదాపు ఒకే వరస. పండగ శుభాకాంక్షల పోస్టరు ఉంటుంది. దాని పైన చైర్మన్, సెక్రటరీ, ప్రిన్సిపాల్ ఫోటోలు, కింద కాలేజీ పేరు, కౌన్సెలింగ్ కోడ్, ఫోన్ నంబర్లు. ఆ తర్వాత సెమినార్‌కు వచ్చిన అతిథికి శాలువా కప్పుతున్న ఫోటో, జ్యోతి ప్రజ్వలన, పూలబొకే, చివర్లో గ్రూప్ ఫోటో. ఇంత చేసి, ఆ అతిథి సెమినార్‌లో ఏం చెప్పారన్నది మాత్రం ఒక్క ముక్క కూడా ఉండదు.

ప్రభుత్వ సంస్థల పరిస్థితి కొంచెం వేరు. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981 నుంచి ఉంది, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. అదే 2008లో జేఎన్‌టీయూ అనంతపురం ప్రత్యేక యూనివర్సిటీ అయింది. కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎం, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, అనంతపురంలో సెంట్రల్ యూనివర్సిటీ కూడా కలిపితే, పదిహేనేళ్లలోపే ఈ ప్రాంతంలో ఉన్నత విద్యాసంస్థల సంఖ్య బాగా పెరిగిందని తెలుస్తుంది. అంటే వీటిలో చాలా వరకు ఇంటర్నెట్ వచ్చాక పుట్టినవే. పాత అలవాట్లు అడ్డుపడ్డాయని చెప్పడానికి వీల్లేదు. కొత్తగా మొదలైనా, నోటీసు బోర్డు పద్ధతినే తెర మీదికి తెచ్చుకున్నాయి.

ఒక సర్క్యులర్ ఎలా ప్రయాణిస్తుంది

లోపం ఎక్కడుందో పట్టుకోవాలంటే ఒక మామూలు కాగితం వెంట వెళ్లడం మంచిది. ఇంజనీరింగ్ సప్లిమెంటరీ పరీక్షల ఫీజు నోటిఫికేషన్ వచ్చిందనుకుందాం. యూనివర్సిటీ పరీక్షల విభాగం దాన్ని వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌గా పెడుతుంది. కాలేజీ ఆఫీసులో దాన్ని ప్రింటు తీసి, కాలేజీలో కట్టాల్సిన గడువు ఒకటి రెండు రోజులు ముందుంటే ఆ తేదీ పెన్నుతో రాసి, సంతకం పెట్టించి బోర్డుకు అంటిస్తారు. సీఆర్ (క్లాస్ ప్రతినిధి) ఫోన్‌తో ఫోటో తీసి క్లాస్ గ్రూపులో పెడతాడు. బోర్డు అద్దం మీద ట్యూబ్‌లైట్ మెరుపు పడి, లేటు ఫీజు ఎంతో చెప్పే వరస సరిగ్గా అక్కడే తెల్లగా పోతుంది. ఇంకొకరు ఆ ఫోటోలో తమ రెగ్యులేషన్‌కు (బ్యాచ్‌ను బట్టి మారే సిలబస్, పరీక్షల నియమాలకు) సంబంధించిన ముక్క వరకే కత్తిరించి బ్యాక్‌లాగులున్న సీనియర్ల గ్రూపుకు పంపుతారు. ఆ కత్తిరింపులో పైనున్న తేదీ, సర్క్యులర్ నంబరు రెండూ పోతాయి.

ఆర్19, ఆర్20, ఆర్23 అని ఒక్కో బ్యాచ్‌కు ఒక్కో రెగ్యులేషన్ నడిచే చోట ఆ ముక్క ఎవరికి వర్తిస్తుందో చెప్పడం కష్టం. మరుసటి ఏడాది అదే నెలలో ఆ పాత బొమ్మనే ఎవరో మళ్లీ ఫార్వర్డ్ చేస్తారు. దాని కింద "ఫీజు డేట్ పెంచినారంట, నిజమేనా?" అని ఒకరు, "మా కాలేజీలో చెప్పలేదే" అని ఇంకొకరు. నిజమో కాదో చెప్పగలిగిన మనిషి ఆ గ్రూపులో లేడు. చెప్పగలిగిన ఆఫీసు వాళ్ల ఫోను ఆ వారమంతా మోగుతూనే ఉంటుంది.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. వాట్సాప్ గ్రూపు తయారైన తీరే అంత. కొత్తగా చేరినవాళ్లకు పాత సందేశాలు మామూలుగా కనిపించవు, 2022 నుంచి ఒక గ్రూపులో 1024 మంది దాకా చేరవచ్చు కాబట్టి మాటల ప్రవాహం ఎక్కువ, ఫైనలియర్ అయిపోగానే గ్రూపు మూగబోతుంది. వెతికితే గూగుల్‌లో దొరకదు. ఒక బ్యాచ్ ఏడాదంతా కిందామీదా పడి నేర్చుకున్నది (రీవాల్యుయేషన్‌కు ఎప్పుడు పెట్టాలి, ఫీజు రీయింబర్స్‌మెంట్ బయోమెట్రిక్ ఎక్కడ వేయాలి, ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కు ఏ కాగితాలు కావాలి) తర్వాతి బ్యాచ్‌కు అందదు. ప్రతి ఏడూ అవే ప్రశ్నలు, అదే టెన్షన్.

మిగతా చోట్ల ఏం చేసి చూశారు

కాలేజీలు బ్లాగులు పెట్టడం కొత్త ఆలోచన కాదు. అమెరికాలో హార్వర్డ్ లా స్కూల్‌కు చెందిన బెర్క్‌మన్ సెంటర్ 2003లోనే తమ యూనివర్సిటీ వాళ్లు ఎవరైనా బ్లాగు తెరుచుకునే ఏర్పాటు చేసింది. 2004లో బ్రిటన్‌లోని వారిక్ యూనివర్సిటీ విద్యార్థులకు, సిబ్బందికి అందరికీ బ్లాగులిచ్చింది. ఫేస్‌బుక్ కూడా అదే 2004 ఫిబ్రవరిలో హార్వర్డ్ హాస్టల్ గదిలో మొదలైంది, 2006 సెప్టెంబర్ దాకా బయటి జనానికి తలుపు తెరవలేదు. కాలేజీ విద్యార్థుల మాటామంతీ నుంచి పుట్టిన వేదికను కాలేజీలే తర్వాత ప్రకటనల గోడగా మార్చుకోవడం గమనించాల్సిన విషయం.

వీటన్నిట్లో ఎక్కువ కాలం నిలిచింది, ఎక్కువ నేర్పేది ఎంఐటీ అడ్మిషన్స్ ఆఫీసు 2004లో మొదలుపెట్టిన విద్యార్థుల బ్లాగులు. అక్కడి ఏర్పాటు చూడటానికి తేలికే గానీ ధైర్యం కావాలి. చదువుకుంటున్న విద్యార్థులను దరఖాస్తుల ద్వారా ఎంపిక చేస్తారు, రాసినందుకు డబ్బులిస్తారు, వాళ్లు రాసినదాన్ని ఆఫీసు దిద్దదు. హాస్టల్ తిండి బాగోలేదని రాసినా, ఒక సబ్జెక్టు తప్పానని రాసినా అలాగే ఉంటుంది. 2012లో ఒక విద్యార్థిని తన మీద ఉన్న ఒత్తిడి గురించి, తాను లోలోపల ఎలా కుంగిపోతున్నదీ రాస్తే ఆ పోస్టు క్యాంపస్ అంతటా చర్చకు దారితీసింది. పోస్టును తీసేయలేదు. ప్రపంచంలో పేరున్న విద్యాసంస్థ తన అధికారిక సైటులో ఇలాంటి రాతకు చోటివ్వడం వల్ల దానికి నష్టం జరగలేదు, దరఖాస్తుదారులు ఆ బ్లాగులను నమ్మి చదవడానికి అదే కారణమైంది. పొగడ్త ఒక్కటే ఉన్న చోట పొగడ్తను ఎవరూ నమ్మరు.

ఇంకో దారి అమెరికాలోనే ఉన్న మేరీ వాషింగ్టన్ యూనివర్సిటీది. 2007లో వర్డ్‌ప్రెస్ మీద క్యాంపస్ మొత్తానికీ బ్లాగుల వేదిక పెట్టారు, 2013 నాటికి ప్రతి విద్యార్థికీ సొంత డొమైన్, దానికి చోటు ఇచ్చే పథకం తెచ్చారు. చదువు పూర్తయ్యాక తను రాసుకున్నదంతా విద్యార్థి వెంట తీసుకెళ్లవచ్చు. ప్రాజెక్టు రిపోర్టును స్పైరల్ బైండింగ్ చేసి సబ్మిట్ చేశాక డిపార్ట్‌మెంట్ బీరువాలో పడి ఉండే మన పద్ధతితో పోలిస్తే, ఉద్యోగానికి వెళ్లే కుర్రాడి చేతిలో నాలుగేళ్ల పని చూపించడానికి ఒక చిరునామా ఉండటం ఎంత తేడానో చెప్పనక్కర్లేదు.

తెలుగు బ్లాగులు వచ్చినప్పుడు కాలేజీలు ఎక్కడున్నాయి

తెలుగులోనూ బ్లాగుల కాలం ఒకటి నడిచింది. 2000ల రెండో సగంలో తెలుగు టైపు చేసే సైటు లేఖినిలో రాసి, బ్లాగులన్నీ ఒకచోట చూపే కూడలిలో ఒకరి రాతలు ఒకరు చదువుకుని, ఇంటర్నెట్‌లో తెలుగును నిలబెట్టినవాళ్లలో చాలామంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ప్రవాసులు, ఔత్సాహికులు. యూనివర్సిటీ తెలుగు శాఖలు ఆ సందడిలో పెద్దగా కనిపించలేదు. దానికి ఒక సాంకేతిక కారణం ఉంది. ఆఫీసులు, డీటీపీ సెంటర్లు అప్పటికే అను ఫాంట్లకు అలవాటు పడిపోయాయి. వాటిలో టైపు చేసింది కాగితం మీద అందంగా ఉంటుంది, వెబ్‌లో పెడితే అక్షరాలు గజిబిజి అవుతాయి. అందుకే ప్రింటు తీసి, స్కాన్ చేసి, బొమ్మగా పెట్టడం అలవాటైంది. ఎక్కడ తెరిచినా తెలుగు సరిగ్గా కనిపించే యూనికోడ్ పద్ధతి అందరి ఫోన్లలోకి వచ్చేసినా ఆ అలవాటు పోలేదు. స్కాన్ చేసిన తెలుగు సర్క్యులర్‌లో ఒక్క మాట కూడా వెతుకులాటకు చిక్కదు, చూపులేని విద్యార్థి ఫోను దాన్ని మామూలుగా చదివి వినిపించలేదు. ఈ రెండో సంగతి గురించి ఎవరూ మాట్లాడకపోవడం బాధాకరం.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా చవకైంది, పల్లెల నుంచి వచ్చే పిల్లల చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. వాళ్లు బ్లాగు అనే దశను దాటకుండానే నేరుగా వాట్సాప్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్‌లలోకి అడుగుపెట్టారు. కాలేజీలూ వాళ్ల వెంటే వెళ్లాయి. పొడుగ్గా రాసి, ఒక చిరునామాలో దాచి, పదేళ్ల తర్వాత కూడా చదివించే అలవాటు మధ్యలో జారిపోయింది.

పేజీ ఎవరి చేతిలో, ఎవరి కోసం

ఏ పేజీలో ఏం కనిపిస్తుందన్నది దాన్ని నడిపే మనిషిని ఎవరు, దేనికోసం పెట్టారన్న దాన్ని బట్టే ఉంటుంది. ప్రైవేటు కాలేజీల్లో ఈ పని ఎక్కువగా అడ్మిషన్ల విభాగానిదో, బయట ఒక డిజైనర్‌దో. ఇంటర్ ఫలితాలు, ఈఏపీసెట్ ర్యాంకులు, వెబ్ ఆప్షన్లు... ఈ రెండు మూడు నెలలే వాళ్లకు సీజన్. పీఆర్‌వోలు ఊళ్లు తిరిగి, ఇంటర్ కాలేజీల దగ్గర ఫోన్ నంబర్లు సేకరించి చేసే పనికి ఫేస్‌బుక్, ఇన్‌స్టా తోడయ్యాయి. ప్లేస్‌మెంట్ పోస్టరులో అత్యధిక ప్యాకేజీ పెద్ద అక్షరాల్లో ఉంటుంది, మధ్యలో ఉన్నవాడికి ఎంత వచ్చింది, ఎంతమందికి రాలేదు అన్నవి ఉండవు. ఒక తండ్రి అప్పు చేసి పిల్లను చేర్చేటప్పుడు కావలసింది ఆ రెండో లెక్క.

ప్రభుత్వ కాలేజీల్లో ఒత్తిడి వేరే వైపు నుంచి వస్తుంది. కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ 2017లో తెచ్చిన మదింపు పద్ధతిలో రుజువులు ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేయాల్సి వచ్చింది, తీసిన చోటు చూపే జియోట్యాగ్ ఫోటోలు కావలసి వచ్చాయి. దాంతో ప్రతి కార్యక్రమానికీ ఫోటో అవసరమైంది. ఆ ఫోటో ఫైలులో చేరుతుంది, చేతికందిన ఫోటోయే పేజీలోకీ ఎక్కుతుంది. మొక్క నాటితే నాటుతున్న ఫోటో కావాలి, మూడేళ్ల తర్వాత ఆ మొక్క ఉందో లేదో ఏ గడిలోనూ నింపక్కర్లేదు. ఈ పని మోస్తున్నది సాధారణంగా ఒక కంప్యూటర్స్ లెక్చరర్, చాలాచోట్ల కాంట్రాక్టు లేదా గెస్టు ఫ్యాకల్టీ. క్లాసులు, పరీక్షల డ్యూటీల మీద ఇది అదనం, దీనికి వేరే వేతనం లేదు. ఆయన బదిలీ అయితే పాస్‌వర్డు కూడా ఆయనతోనే పోయి, కొత్తవాళ్లు ఇంకో పేజీ తెరుస్తారు. ఒకే కాలేజీ పేరు మీద రెండు మూడు పేజీలు కనిపించడానికి ఒక కారణం ఇదే.

ఢిల్లీ నుంచి కూడా ఒక ప్రయత్నం జరిగింది. 2019 జులైలో కేంద్ర మానవ వనరుల శాఖ ప్రతి ఉన్నత విద్యాసంస్థా ఒక 'సోషల్ మీడియా ఛాంపియన్'ను నియమించుకోవాలని, ఫేస్‌బుక్, ట్విట్టర్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు తెరవాలని, విద్యార్థుల ఖాతాలను సంస్థ ఖాతాతోనూ శాఖ ఖాతాతోనూ కలపాలని, వారానికి కనీసం ఒక మంచి విశేషం పంచుకోవాలని లేఖ రాసింది. విద్యార్థుల ఖాతాల మీద నిఘా పెట్టడమేనని విమర్శలు వచ్చాక, కలపడం తప్పనిసరి కాదని వివరణ ఇచ్చింది. ఎంఐటీ పద్ధతికీ దీనికీ మధ్య దూరం ఇక్కడే ఉంది. అక్కడ విద్యార్థి తనకు తోచింది రాస్తాడు. ఇక్కడ మంచి మాత్రమే చెప్పాలని ముందే తేల్చేశారు, చెప్పేది కూడా విద్యార్థి కాదు.

కామెంట్లంటే భయం, ఆ భయంలో కొంత నిజం

అధికారిక పేజీల్లో కామెంట్లు మూసేయడం, మూయకపోయినా జవాబివ్వకపోవడం మామూలైపోయింది. హాస్టల్‌లో నీళ్లు రావట్లేదని ఒకరు రాస్తే అది స్క్రీన్‌షాటై లోకల్ గ్రూపుల్లోకి, అక్కడి నుంచి విద్యార్థి సంఘాల ధర్నా దాకా వెళ్లవచ్చు. ప్రిన్సిపాల్ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ అధికారిక పేజీలో అడగనివ్వనంత మాత్రాన ప్రశ్న ఆగిపోదు. పేరు లేని మీమ్ పేజీలోకి, కన్ఫెషన్ పేజీలోకి మారుతుంది. అక్కడ నీళ్ల గురించి అడిగిన పోస్టు పక్కనే ఒక అమ్మాయి ఫోటో మీద వెకిలి వ్యాఖ్య ఉంటుంది, దానికి బాధ్యుడెవరో తెలియదు. 2017లో హార్వర్డ్ అంతటి సంస్థే, ఒక ఫేస్‌బుక్ గ్రూపులో అసభ్యమైన మీమ్‌లు పంచుకున్నందుకు కనీసం పదిమందికి ఇచ్చిన సీట్లను వెనక్కి తీసుకుంది. మూసిన తలుపుల వెనక మాటలు ఎంత దూరం పోగలవో దాన్నిబట్టి తెలుస్తుంది.

చట్టం వైపు నుంచి కూడా కాలేజీలు ఇంకా పూర్తిగా గమనించని మార్పు వస్తోంది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. జూనియర్ కాలేజీ పిల్లలంతా, డిగ్రీ, బీటెక్ మొదటి ఏడాదిలో చాలామంది ఆ వయసువాళ్లే. ర్యాంకు పోస్టరు మీద అమ్మాయి ఫోటో, పేరు, హాల్ టికెట్ నంబరు, ఊరు కలిపి వేసి బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ కట్టి, అదే ఇన్‌స్టాలో పెట్టే అలవాటును తిరిగి చూసుకోక తప్పదు. ఇంట్లో చదివించడమే ఎక్కువ అనుకునే కుటుంబాల అమ్మాయిలకు ఆ పోస్టరు కింద వచ్చే కామెంట్లు చదువు మానిపించేంత దూరం తీసుకెళ్లగలవు. ఇది చట్టం కన్నా ముందే ఆలోచించాల్సిన విషయం.

సీమలో రాయడానికి విషయం తక్కువా?

పండగ పోస్టర్లు తప్ప పెట్టడానికేమీ లేదనుకోవడం సరికాదు. కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఉంది. అక్కడ తాళపత్రాలు, పాత పత్రికలు, కైఫీయత్తుల (పాతకాలపు ఊళ్ల చరిత్రల) మీద జరిగిన పని ఉన్నాయి. వారానికి ఒక పుట ఫోటో, దాని కింద పది వాక్యాల వివరణ ఎంఏ తెలుగు విద్యార్థులతో రాయించినా ఏడాదికి యాభై ఊళ్ల చరిత్ర అందరి చేతికీ వస్తుంది. కడప పేరు మీద భూగర్భ శాస్త్రంలో ఒక శిలా మండలమే ఉంది, ప్రపంచమంతా 'కడప బేసిన్' అని చదువుకుంటుంది. జ్వాలాపురంలో సుమారు 74,000 ఏళ్ల కింద ఇండోనేషియాలో పేలిన తోబా అగ్నిపర్వతం బూడిద పొర దొరికిన సంగతి విదేశీ పత్రికల్లో చదవాల్సి వస్తోంది. ఆ ఊరు కర్నూలుకు దగ్గర్లోనే ఉంది. అనంతపురం దేశంలోనే అతి తక్కువ వర్షం పడే జిల్లాల్లో ఒకటి, వేరుశనగను నమ్ముకున్న జిల్లా. జూన్‌లో వాన ఎన్నాళ్లు ముఖం చాటేసింది, ఏ మండలంలో విత్తనం పడింది అని అక్కడి భూగోళ, ఆర్థిక శాస్త్ర శాఖలు తెలుగులో ఒక్క పేజీ నడిపితే చదివేవాళ్లు క్యాంపస్ బయటే ఎక్కువ ఉంటారు. ఆ విద్యార్థుల్లో చాలామంది ఇళ్లలో ఆ పంటే ఉంది మరి.

ఇలా రాయించడంలో ఇంకో లాభం కూడా ఉంది. పల్లె నుంచి తెలుగు మీడియంలో వచ్చిన కుర్రాడు ఇంగ్లీషు సెమినార్‌లో నోరు విప్పడు. తన ఊరి చెరువు గురించి తెలుగులో రాయమంటే రాస్తాడు, నలుగురు చదివారని తెలిస్తే మళ్లీ రాస్తాడు. చదువులో అతను వెనకబడ్డాడనుకుంటున్న లెక్చరర్‌కు అతనేంటో అప్పుడు కనబడుతుంది.

ఇప్పటి తీరు కొనసాగితే, మారితే

ఇప్పటి తీరే కొనసాగితే ఖాళీని ఇతరులు నింపుతారు, ఇప్పటికే నింపుతున్నారు. ఫలితాల సైట్లు, పాస్ అయిన విద్యార్థులు నడిపే యూట్యూబ్ ఛానళ్లు, వెబ్ ఆప్షన్లు పెట్టిస్తామనే కన్సల్టెన్సీలు. వీటిలో మంచివీ ఉన్నాయి, ఓపిగ్గా రెగ్యులేషన్లు విడమర్చి చెప్పే సీనియర్లు ఎందరో జూనియర్లను గట్టెక్కించారు. కానీ పొరపాటు జరిగితే వాళ్లను అడిగే హక్కు విద్యార్థికి లేదు, వ్యూస్ కోసం 'షాకింగ్ న్యూస్' అని థంబ్‌నెయిల్ పెట్టేవాళ్లను ఆపేవాళ్లూ లేరు.

మార్పుకు పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, పనుల వరస మారాలి. సమాచారం ముందు సంస్థ సొంత వెబ్‌సైట్‌లో, యూనికోడ్ తెలుగులో, ఇంగ్లీషులో, తేదీతో ఒక శాశ్వత చిరునామాలో పడాలి. వాట్సాప్ ఛానల్‌లో, ఫేస్‌బుక్‌లో ఆ లింకు మాత్రమే వెళ్లాలి. భారత్‌లో 2023 నుంచి ఉన్న వాట్సాప్ ఛానళ్లలో చేరినవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు కాబట్టి అమ్మాయిలు గ్రూపుల కన్నా నిశ్చింతగా చేరవచ్చు. ఖాతా పాస్‌వర్డు ఒక వ్యక్తి పేరు మీద కాకుండా ఆఫీసు మెయిల్ మీద ఉండాలి. నడిపే అధ్యాపకుడికి వారంలో రెండు పీరియడ్లయినా తగ్గించాలి, లేకపోతే ఏ ఏర్పాటైనా మూడు నెలల్లో ఆగిపోతుంది. విద్యార్థుల బ్లాగు విషయంలో నియమాలు ముందే రాసి పెట్టుకోవచ్చు: ఎవరి ఫోటో అయినా వారి అనుమతితోనే, వ్యక్తుల మీద ఆరోపణ ఉండకూడదు, ఆ రెండూ దాటనంతవరకు ఎవరూ దిద్దకూడదు.

మొదలుపెట్టడానికి అనువైన చోటు పరీక్షల విభాగం. అక్కడి సమాచారం మీద రాజకీయం తక్కువ, అవసరం ఎక్కువ. సప్లిమెంటరీ ఫీజు, రీవాల్యుయేషన్, హాల్ టికెట్, సర్టిఫికెట్లు అనే నాలుగు విషయాల మీద మామూలుగా వచ్చే ప్రశ్నలకు జవాబులు రాసి ఒక పేజీలో పెట్టి, నోటిఫికేషన్ మారిన రోజే దాన్నీ మార్చితే చాలు. ఆ సీజన్‌లో ఆఫీసుకు వచ్చే ఫోన్లు తగ్గాయో లేదో లెక్క చూసుకుంటే మిగతా శాఖల్ని ఒప్పించడం సులువవుతుంది.